మామ్మ ఎక్కని రిక్షాలు

మొన్న హైదరాబాదులో నలభై నిమిషాలు రోడ్డు మీద నిలబడ్డాను. నా వయసెంతో చెప్పను గాని, ఎండలో అంతసేపు నిలబడే వయసు మాత్రం కాదు. మా చెల్లెలి కూతురు సుధ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తానని పిలిస్తే ఒడిశాలోని మా బరంపురం నుంచి రైలెక్కి వెళ్ళాను. ఆ వేడుక అయిన మర్నాడు వాళ్ళ అత్తగారు భోజనానికి రమ్మన్నారు. పదకొండింటికే తయారై రోడ్డు మీదకి వచ్చాం. సుధ చేతిలో ఫోను, ఫోనులో చిన్న బొమ్మ కారు. "రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది పెద్దమ్మా" అంది. బొమ్మ కారు మా వైపు కాస్త జరిగి ఆగింది, వెంటనే ఫోను మోగింది. "మేడమ్, డ్రాప్ ఎక్కడ?" అన్నాడు డ్రైవరు. సుధ చెప్పింది. "క్యాషా, ఆన్‌లైనా?" అదీ చెప్పింది. "ఓకే, వస్తున్నా" అన్నాడా, మరుక్షణం బొమ్మ కారు మాయమైపోయింది. రెండోవాడు కాస్త నిజాయితీపరుడు, "అటు దిక్కు రాను మేడమ్, వాపస్ గిరాకీ దొరకదు" అని మొహం మీదే చెప్పేశాడు. మూడోవాడు రానూ అనలేదు, వస్తాననీ అనలేదు, ఉన్నచోటనే ఉండిపోయాడు. "మనమే విసుగొచ్చి వద్దనాలని అలా కూర్చుంటారు పెద్దమ్మా" అని సుధ నాకు విడమరిచి చెప్పింది. ఇలా కాదని నేనే చెయ్యెత్తి రోడ్డు మీద వెళ్ళే బండ్లని ఆపబోయాను. ఒక్కడూ ఆగలేదు. ఒక ఆటో మాత్రం నెమ్మదించి, "యాడికమ్మా?" అని అడిగి, విని, నాలుక చప్పరించి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. పట్టుచీర కట్టుకుని, తలలో పువ్వులు పెట్టుకుని, సంతకొచ్చిన సరుకులా వచ్చేపోయే ప్రతివాడికీ మా దారి చెప్పుకోవడం ఏమిటి, వాడు బేరం చూసినట్టు చూసి వద్దనడం ఏమిటి! అది గమనించిందో ఏమో, సుధ నవ్వుతూ, "మీ బరంపురంలో ఈ బాధ లేదులే పెద్దమ్మా, అసలు ట్యాక్సీలుంటే కదా" అంది. ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. "ఏమే, ట్యాక్సీలు లేకపోతేనేం? మా ఊళ్ళో బండివాడు మనిషిని వద్దనడం కాదు, మా మామ్మ బండిని వద్దనేది. ఒక్క పొద్దున ఐదు రిక్షాల్ని వద్దంది, తెలుసా నీకు?" అన్నాను. సుధ నమ్మలేదు. మా మామ్మని అది ఫోటోలో తప్ప ఎరగదు. ఆఖరికి ఒక కారు వచ్చింది, ఎక్కాం, దారిపొడుగునా ఆ కథే చెప్పాను. ఆ ఊరి ట్రాఫిక్ పుణ్యమా అని సగంలో ఆపవలసిన పని పడలేదు. చెబుతుంటే నాకే అనిపించింది, ఇది నోటిమాటగా పోకూడదు, రాసి పెట్టాలి అని.

మామ్మ అంటే మా నాన్న తల్లి. గేట్ బజార్లో మా నాన్నకి పసుపు కొమ్ములూ చింతపండూ ఎండుమిర్చీ టోకున అమ్మే కొట్టుండేది. ఇల్లు ఆ వెనక సందులో. నాన్న సందు మొదట్లో ఉండగానే ఆయన వస్తున్నట్టు మాకు తెలిసిపోయేది, పసుపూ గోనెసంచులూ కలిసిన వాసన ఆయనకంటే ముందు గుమ్మం దాటి వచ్చేది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, కొట్టులో రెండూ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. ఏ తాత ఏ ఊరి నుంచి ఎప్పుడొచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడో మాలో ఎవరికీ సరిగా తెలీదు, తెలుసుకోవాలన్న పట్టింపూ లేదు. ఇది మా ఊరు, అంతే. మామ్మ తెల్లారకుండా లేచి స్నానం చేసి, దబ్బాకు వేసి పులియబెట్టిన గంజి, తరవాణి, ఒక కంచుగిన్నెడు తాగి, వీధి అరుగు మీద కూర్చుని బజారుకి వెళ్ళేవాళ్ళందరినీ చూసేది. మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. కాని ఆ గొంతు వీధిలోకి ఎప్పుడూ రానిచ్చేది కాదు. షావుకారి ఇంటి ఆడవాళ్ళ మాట గుమ్మం లోపలే ఉండాలన్నది ఆవిడ పద్ధతి.

ఆవిడకి ఇంకొక పద్ధతి ఉండేది, అది పద్ధతి కూడా కాదు, శాసనం. బయల్దేరే మనిషిని "ఎక్కడికి" అని అడగకూడదు, వెళ్ళే మనిషి తానుగా చెప్పనూ కూడదు. ఆ రోజుల్లో అందరిళ్ళల్లోనూ ఈ పట్టింపు ఉండేది, "ఎంత దూరం?" అనో "దూరమేనా?" అనో అడిగి ఊరుకునేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఎవరైనా పొరపాటున "ఎక్కడికి" అన్నారో, వెళ్ళే మనిషి చెప్పులు విప్పి వెనక్కొచ్చి, కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ బయల్దేరాలి. పిల్లలం నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు నేను గట్టిగానే నవ్వితే మా అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. తాతయ్య చింతపండు కొనడానికి పాత్రపూర్ వైపు బయల్దేరిన రోజు, చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ మామ్మ, "ఎక్కడికెల్తన్నారు?" అని అడిగిందట. ఆయన నవ్వేసి వెళ్ళాడట. జ్వరంతో ఎద్దుబండిలో తిరిగొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ చంటిపిల్లాడే మా నాన్న. "ఆవిడ ఆ మాట ఇప్పటికీ మరిసిపోలేదే. నవ్వకు" అంది అమ్మ. ఆ తర్వాత నేను నవ్వలేదు.

మరి ఎక్కడికో చెప్పకుండా రిక్షా ఎలా ఎక్కేదీ అంటే, దానికి బైరాగి ఉన్నాడు. బైరాగి మా ఇంటి వాడుక రిక్షావాడు, పురుషోత్తంపూర్ దగ్గర పల్లె, ఒడియావాడు, తెలుగులో మాకంటే బాగా తిట్టగలడు. పొద్దున్నే వచ్చి ఒక్కసారి గంట కొట్టి ఊరుకునేవాడు. మామ్మ వచ్చి కూర్చునేది. అతను ఏమీ అడిగేవాడు కాదు. మామ్మ చేతిలో ఏముందో చూసేవాడు. పువ్వుల సజ్జ ఉంటే మా ఊరి అమ్మవారు ఠాకురాణి గుడి. ఖాళీ సంచీ ఉంటే కూరల బజారు. పట్టుచీరా చదివింపుల పళ్ళెమూ అయితే ఏ ఇంట్లోనో శుభకార్యం, ఆ వారంలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎక్కడెక్కడ మామిడాకులు కట్టారో అతనికి ముందే తెలుసు. చేతిలో ఏమీ లేకుండా, మొహం వాల్చుకుని కూర్చుంటే చావు పలకరింపుకి వెళ్తున్నట్టు, ఆ రోజు గంట కూడా కొట్టకుండా తొక్కేవాడు. ఎప్పుడైనా అనుమానం వస్తే సందు చివర కాస్త నెమ్మదించేవాడు, మామ్మ "ఇటు పోనీ" అనేది. అంతే. అన్ని సంవత్సరాల్లో ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ఫోనులో బొమ్మ కారుని చూస్తూ నిలబడ్డప్పుడు నాకు బైరాగి ఎంత గుర్తొచ్చాడో చెప్పలేను. వాడికి మ్యాపు లేదు, మా ఇల్లు తెలుసు.

ఇక ఆ పొద్దుటి సంగతి. నేను డిగ్రీ చదివి, టీచరు ట్రైనింగ్ కూడా పూర్తి చేశాను. మా వాళ్ళల్లో ఆడపిల్ల అంతవరకు చదవడమే ఒక వింత. ఊరికి అటు కొసనున్న ఒక బడిలో తెలుగు చెప్పే పంతులమ్మ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మని కాగితం వచ్చింది. నాకు ఆ ఉద్యోగం కావాలి. మా వీధి పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని తమ పేరు తెలుగులో రాసుకోలేరు, వాళ్ళని పోగేసి అరుగు మీద నేను అక్షరాలు దిద్దించేదాన్ని, ఇంకేదీ చెయ్యాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. కాగితం నాన్న చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి మడిచాడు. ఆయనకి కోపం రాలేదు, భయం వేసింది. షావుకారు కూతుర్ని సంపాదనకి పంపిస్తున్నాడంటే బజారు ఏమనుకుంటుంది? కొట్టు మునిగిపోయింది అనుకుంటుంది. ఆ మాట ఒక్కసారి పుట్టిందంటే మర్నాటి నుంచి సరుకిచ్చేవాడు వెనకాడతాడు, కొనేవాడు వేరే కొట్టు చూసుకుంటాడు. టోకు వ్యాపారమంతా మాట మీద నడిచే రోజులవి. పంపాలని మామ్మే పట్టుబట్టింది. ఆఖరికి నాన్న, "ఎల్లు తల్లీ. గాని బజారుకి తెలీకూడదు. తెలిసిందా, మరింక ఆ ఉజ్జోగం ఊసు ఈ ఇంట్లో ఎత్తకూడదు" అన్నాడు. ఆయన మాట అంటే మాటే. నాకు తోడు మామ్మ రావాలని, ఎవరైనా అడిగితే ఠాకురాణి గుడికని చెప్పాలని అనుకున్నాం.

ముందురోజు సాయంత్రం వాన పడింది. ఏడాదంతా ఎదురుచూసిన మొదటి పెద్ద వాన. ఊరంతా సంబరపడింది, నేనూ సంబరపడ్డాను, తెలివితక్కువదాన్ని. తెల్లారి ఎనిమిదైనా గంట మోగలేదు. బైరాగి రాలేదు. అప్పుడు తట్టింది మాకు. వాన పడితే బైరాగిలాంటివాళ్ళు రిక్షావాళ్ళు కారు, రైతులు. పొలంలో నాట్లు పడాలి, రిక్షా యజమానికి అప్పగించేసి పల్లెకి వెళ్ళిపోతారు. ఇప్పటికీ మా గంజాం జిల్లాలో ఆషాఢంలో పనివాళ్ళు దొరకరు. ఇంటర్వ్యూ పదింటికి. మామ్మకి మోకాలు సరిగా వంగదు, అంత దూరం నడవలేదు, నన్నొక్కదాన్ని పంపదు. "బజారు మొగలో స్టాండుంది కదే, పద" అని బయల్దేరదీసింది. మామ్మ తన బరంపురం పట్టుచీర, ముదురు ఊదారంగుది, కట్టుకుంది. నేను ఇస్త్రీ చేసిన నూలుచీర కట్టుకుని, సర్టిఫికెట్ల కట్ట పమిటలో దాచుకున్నాను.

స్టాండులో మామూలుగా పదిహేను రిక్షాలుంటాయి. ఆ రోజు ఒకటి ఉంటే రెండోది లేదు. ఉన్నవాళ్ళు కూడా మాకు తెలిసినవాళ్ళు కారు, ఎక్కడెక్కడి నుంచో ఆ నాలుగు రోజుల బేరం కోసం వచ్చినవాళ్ళు. మామ్మ శాసనం వాళ్ళకేం తెలుసు? మొదటి రిక్షా రాగానే మామ్మ ఒక కాలు పైన పెట్టింది. "కువాడె జిబె, మా?" అన్నాడతను. ఎక్కడికి వెళ్ళాలమ్మా అని, పాపం, మర్యాదగానే అడిగాడు. మామ్మ పెట్టిన కాలు దించేసింది. "ఇది ఒద్దు" అంది. పక్కనే ఉన్న బట్టల కొట్టు అరుగు మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న ఇత్తడి చెంబులోంచి నీళ్ళు తాగి, "కాసేపు కూకోని ఎల్దాం" అంది. సరే అనుకున్నాను. రెండోది వచ్చింది, అదే ప్రశ్న, అదే జవాబు, మళ్ళీ అరుగు, మళ్ళీ చెంబు. మూడోవాణ్ణి నేనే ముందుగా కలిసి, "ఏమీ అడక్కు, ఊరికే తొక్కు" అని ఒడియాలో చెవిలో చెప్పాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "ఏమీ అడక్కుండా ఎక్కడికి తొక్కాలమ్మా?" అని గట్టిగా అన్నాడు. మామ్మ వినేసింది. నాలుగోవాడు కూడా అంతే. గోడ గడియారంలో తొమ్మిదింబావు అయింది.

ఆ గడియారం బట్టల కొట్టులోది. ఆ కొట్టాయన మా నాన్నకి స్నేహితుడు, పొద్దున తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా బజారు కబుర్లన్నీ ఆయన దగ్గరే పోగవుతాయి, అక్కణ్ణుంచే బయల్దేరతాయి. చాలాసేపు మమ్మల్ని చూసి చూసి, ఇక ఉండబట్టలేక, "ఏటి పెద్దమ్మా, పట్టుచీర కట్టీసినావు, ఏటి యిసేసం?" అన్నాడు. మామ్మ తల తిప్పకుండా, "గుడికి" అంది. "గుడి ఇటు కదా, మీరు అటు మొగం పెట్టీసి కూకున్నారేటి?" అన్నాడాయన. నేను సర్టిఫికెట్ల కట్ట పమిటలోకి ఇంకా లోపలికి తోసుకున్నాను. మామ్మ మరో గుక్క నీళ్ళు తాగింది. ఐదో రిక్షా వచ్చింది, అడిగింది, పోయింది. తొమ్మిదిన్నర. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ క్షణంలో మామ్మ మీద నాకు వచ్చిన కోపం ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని రాయాలి. "నాకీ ఉజ్జోగం ఒద్దు మామ్మా. నీ నీల్ల సెంబూ ఒద్దు. ఇంటికి పోదాం" అన్నాను. కన్నీళ్ళు సర్టిఫికెట్ల మీద పడతాయేమోనని కట్ట పక్కకి పట్టుకున్నాను.

మామ్మ నా మొహం కేసి చూసింది. ఎంతసేపో కాదు. అప్పుడే ఆరో రిక్షా వచ్చింది. పొట్టివాడు, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. మామ్మ లేచి కాలు పైన పెట్టగానే అతనూ అడిగాడు. తెలుగులోనే అడిగాడు. "ఎక్కడికమ్మా? ముందు సెప్పమ్మా, నాకిది ఆకరి బేరం. ఇది దింపీసి నాను పల్లెకెల్లిపోవాలి, నాట్లున్నాయి. దూరమయితే రాను" అన్నాడు. మామ్మ కాలు దించలేదు. ఆవిడ రిక్షా ఎక్కి, నిటారుగా కూర్చుని, వీధిలో ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది. "ఎక్కడికా? సెప్తాను ఇను. బడికి! మా మనవరాలు పంతులమ్మ ఉజ్జోగానికి పరీచ్చకెల్తంది. పదింటికల్లా దింపాల. నీ నాట్లు ఒక పూట ఆగుతాయి, ఇది ఆగదు. ఎక్కవే గుంటా!" అంది.

బట్టల కొట్టాయన చేతిలోని గజం బద్ద గాలిలో ఆగిపోయింది. పక్క కొట్టువాళ్ళు తలలు బయటపెట్టారు. నేను ఎక్కానో, ఎవరైనా ఎక్కించారో తెలీదు. రిక్షా కదిలింది. రహస్యం గాల్లో కలిసిపోయింది. అది చాలదన్నట్టు ఆ పొట్టివాడికి హుషారు పుట్టుకొచ్చింది. వాడికి కూతుళ్ళున్నారో ఏమో మరి. గేట్ బజారు ఆ వేళకి ఎలా ఉంటుందో తెలిసిందే, గోనెల బళ్ళూ, కూలీలూ, ఆవులూ, బేరాలూ. వాడు గంట కొట్టడం మానేసి నోటితోనే దారి చేసుకున్నాడు. "హటొ, హటొ! పరీక్షా డేరి హెఉచి!" తప్పుకోండి, పరీక్షకి ఆలస్యమవుతోంది అని. ఒక్కొక్క కొట్టు దాటుతుంటే, "ఎవరిదీ పరీక్ష?" అని ఎవరో అడగడం, మామ్మ వంగి, "మా గుంటది! పంతులమ్మ పరీచ్చ!" అని జవాబు చెప్పడం. ఒకసారి చెప్పేశాక ఆవిడకి ఇంక ఆపాలని అనిపించలేదు. తలకి నేను చుట్టుకున్న చెంగు లాగేసి, "తలెత్తి కూకో" అంది. మా కొట్టు ముందు నుంచే వెళ్ళాం. నాన్న పసుపు తూయిస్తున్నాడు. కేకలకి తలెత్తాడు. మమ్మల్ని చూశాడు. తక్కెడ ముల్లు అటూ ఇటూ ఊగుతోంది, ఆయన దాని వంక చూడలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది, ఈ ఊసు ఇంట్లో ఇంక ఎత్తలేం, అనుకున్నాను.

బజారు దాటాక మామ్మ గొంతు ఆగింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఆ వేడి పొద్దున ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. పెదవులు కదులుతున్నాయి, ఠాకురాణికి ఏవేవో మొక్కులు మొక్కుకుంటోంది. ఎక్కడికో చెప్పేసింది. జీవితంలో ఒక్కసారి అడిగిన పాపానికి మొగుణ్ణి పోగొట్టుకున్నానని నమ్మిన మనిషి, ఇప్పుడు ఊరందరికీ వినిపించేలా చెప్పేసింది. దాని ఫలితం నా మీద పడుతుందేమోనని ఆవిడకి ఎంత భయమేసి ఉంటుందో ఆ రోజు నాకు సగమే అర్థమైంది. మిగిలిన సగం అర్థం కావడానికి నేనూ ముసలిదాన్ని కావలసి వచ్చింది.

పదింటికి రెండు నిమిషాలుండగా బడి గేటు దగ్గర దిగాం. లోపల ముగ్గురు కూర్చున్నారు, ఇద్దరు ఒడియావాళ్ళు, ఒక తెలుగాయన. అరగంట పైనే అడిగారు. నేను బయటికి వచ్చేసరికి మామ్మ గేటు ఊచ పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. పక్కనే నీడ ఉంది, కూర్చోడానికి బల్ల ఉంది, మోకాలు వంగని మనిషి అంతసేపూ నిలబడే ఉంది. నేను రాగానే ఎలా చేశావని అడగలేదు. నా తల, భుజాలు, చేతులు తడిమి చూసింది, చెట్టు మీంచి పడ్డ పిల్లని తడిమినట్టు. "బావున్నావా? కల్లు తిరగట్లేదు కదా? జొరం లేదు కదా?" అంది. "బావున్నాను మామ్మా" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆఖరి బేరం అన్న పొట్టివాడు నాట్లకి వెళ్ళకుండా అక్కడే ఉన్నాడు. "మిమ్మల్నిలగ ఒగ్గీసి ఎల్తే ఎలగమ్మా" అన్నాడు.

ఇప్పుడు మా బరంపురంలో రిక్షాలు లేవు. ఆటోలున్నాయి, బ్యాటరీ బళ్ళున్నాయి, ఫోనులో పిలిస్తే వచ్చే కార్లు కూడా మొదలయ్యాయట. మా మనవలు అవే ఎక్కుతారు. నేనూ ఎక్కుతాను, ఎండలో నడిచి వెళ్ళేంత పౌరుషం నాకేం లేదు. ఎక్కాలంటే ముందు ఎక్కడికో చెప్పాలి, చెప్పడానికి నాకే అభ్యంతరమూ లేదు. కాని ఒక సంగతి గర్వంగానే చెబుతాను. ఈ కాలంలో ఎక్కడికో చెప్పడం వేలితో ఒక నొక్కు. మా మామ్మకి అది అంతకుముందటి బతుకంతా తీసి ఒక రిక్షా కాళ్ళబల్ల మీద పెట్టడం. అది చేసిన మనిషి చేతి కింద పెరిగాను నేను. నన్ను ఏ బండివాడు వద్దన్నా నాకు తక్కువేం కాదు.

ఆ రోజు మేం ఇంటికి వచ్చేసరికి పన్నెండు. అమ్మకి అప్పటికే తెలిసిపోయింది, వీధిలో నలుగురు వచ్చి చెప్పి వెళ్ళారు. ఆవిడ పళ్ళాలు పెట్టింది. మామూలుగా నాన్న రెండింటికి గాని భోజనానికి రాడు. ఆ రోజు పన్నెండున్నరకే పసుపు వాసన గుమ్మంలోకి వచ్చింది. నేను వంటింటి గోడకి ఆనుకుని నిలబడ్డాను. మామ్మ మాత్రం ఆయనకి ఎదురుగా వెళ్ళి నిలబడింది, "నానే అరిసినాను. ఏటనాలన్నా నన్నను, దాన్నేటీ అనకు" అంది. నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ అన్నం వడ్డించింది. ఆయన కలుపుకోలేదు.

"పొద్దున్నించీ పద్దెనిమిది మంది వొచ్చినారు కొట్టుకి" అన్నాడు. "ఏటి సావుకారూ, యాపారం బాగోలేదా, పిల్లని ఉజ్జోగానికి పంపుతన్నావని ఒకడు మొగం మీదే అడిగినాడు."

మామ్మ వెనక్కి జరిగి నాకు అడ్డంగా నిలబడింది.

"యాపారం బాగానే ఉంది, మా పిల్ల సదువుకుంది, అందుకెల్లింది అన్నాను. మరొకడొచ్చి అడిగినాడు, ఆడికీ అదే సెప్పినాను. మూడోవాడు అడక్కుండానే నానే సెప్పినాను" అన్నాడు నాన్న. అని, తలెత్తి నా వైపు చూశాడు. ఆయన నన్ను చదువు సంగతి అడగడం అంతవరకు ఎప్పుడూ లేదు, ఫీజు కట్టాలంటే కట్టేవాడు, అంతే. "అప్పుడు ఆ బట్టల కొట్టాయన, ఏటేటి అడుగుతారు ఆ పరీచ్చలో అనీసి అడిగినాడు. నాకు తెలీదన్నాను. తండ్రికి తెలీదని సెప్పుకోడానికి నామోసీ అయిపోయింది తల్లీ. కొట్టు కట్టీసి వొచ్చీసినాను. కూకో. ఆల్లేటడిగినారు, నువ్వేటి సెప్పినావు? మొదట్నించీ సెప్పు, ఒక్కటీ ఒదలకు."

నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. మామ్మ నా పక్కన చేరింది. అమ్మ గరిటె చేత్తోనే వంటింటి గడపలో నిలబడిపోయింది. మొదటి ప్రశ్న ఒడియాలో అడిగారు. దాన్ని ఒడియాలోనే నాన్నకి చెప్పి, నేనిచ్చిన జవాబు చెప్పడం మొదలుపెట్టాను.